పేరు ఒకచోట, బిల్డింగ్ ఇంకోచోట: చేతులు మారిన లాస్ వేగాస్ 'హార్స్‌షూ' కథ

అమెరికాలోని లాస్ వేగాస్ వెళ్లినవాళ్లకు ఇప్పుడు రెండు బోర్డులు కనిపిస్తాయి. పాత ఊరిలో, అంటే డౌన్‌టౌన్‌లో, ఫ్రీమాంట్ స్ట్రీట్ మీద 'బినియన్స్' అని ఒకటి. అక్కడికి కొన్ని మైళ్ల దూరంలో, పెద్ద హోటళ్లన్నీ వరుసగా ఉండే 'స్ట్రిప్' రోడ్డు మీద 'హార్స్‌షూ' అని ఇంకొకటి. ఒకప్పుడు ఈ రెండు పేర్లూ ఒకే బోర్డు మీద ఉండేవి. డౌన్‌టౌన్‌లోని ఆ క్యాసినో హోటల్ పేరు 'బినియన్స్ హార్స్‌షూ'.

ఇవాళ బినియన్స్ మాలిక్ బినియన్ కుటుంబం కాదు. హార్స్‌షూ బోర్డు పెట్టుకున్న బిల్డింగ్‌లో అసలు హార్స్‌షూ ఏనాడూ నడవలేదు. అసలు హార్స్‌షూలో పుట్టి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న పోకర్ టోర్నమెంట్ అయితే మూడో కంపెనీ చేతిలో ఉంది. ఒకే వ్యాపారం ఇన్ని ముక్కలెలా అయింది? ఎవరికి ఏ ముక్క దక్కింది? మధ్యలో అక్కడ పనిచేసినవాళ్ల సంగతి ఏమైంది?

జూదం మంచిదా చెడ్డదా అనేది ఇక్కడ చర్చ కాదు. ఇస్లాంలో అది హరామ్. తెలంగాణలో 1974 నాటి గేమింగ్ చట్టం ప్రకారం జూదగృహం నడపడం నేరం. అయితే ఒక వ్యాపారం అమ్ముడుపోయినప్పుడు అసలు ఏది అమ్ముడుపోతుంది అనే విషయం అర్థం కావాలంటే ఈ హోటల్ కథ బాగా పనికొస్తుంది.

ఒక హోటల్‌లో ఎన్ని ఆస్తులు?

బయటి నుంచి చూస్తే హోటల్ అంటే ఒకటే వస్తువు. లెక్కల పుస్తకంలో మాత్రం అది చాలా వస్తువులు.

మొదటిది బిల్డింగ్, దాని కింద స్థలం. రెండోది పేరు, అంటే ట్రేడ్‌మార్క్. మూడోది లైసెన్స్. నెవాడా రాష్ట్రంలో క్యాసినో నడపాలంటే గేమింగ్ కంట్రోల్ బోర్డు విచారణ చేయాలి, గేమింగ్ కమిషన్ ఒప్పుకోవాలి. ఈ లైసెన్స్ బిల్డింగ్‌తో పాటు వచ్చేది కాదు. కొన్నవాళ్లు తమ సొంత అర్హత చూపించి మళ్లీ అనుమతి తెచ్చుకోవాల్సిందే. నాలుగోది ఆ చోటికి ప్రత్యేకమైన ఆకర్షణ. హార్స్‌షూకు అది పోకర్ టోర్నమెంట్.

ఇవన్నీ ఆస్తుల వైపు. అవతలి వైపు అప్పులుంటాయి: బ్యాంకులకు, సరుకు సప్లై చేసినవాళ్లకు, పనివాళ్లకు ఇవ్వాల్సినవి. అమ్మకం జరిగినప్పుడు ఆస్తుల గురించి అందరూ మాట్లాడతారు. అప్పుల్లో పనివాళ్ల బకాయి ఎక్కడుందో చాలా తక్కువమంది అడుగుతారు.

టెక్సాస్ నుంచి వచ్చిన బెన్నీ

ఫ్రీమాంట్ స్ట్రీట్‌లో 1932లో అపాచీ హోటల్ తెరుచుకుంది. మూడంతస్తుల బిల్డింగ్. ఆ రోజుల్లో లాస్ వేగాస్‌లో అదే గొప్ప. తర్వాత దాని కింది భాగంలో ఎల్డొరాడో క్లబ్ అనే జూదశాల నడిచింది.

టెక్సాస్‌లోని డాలస్‌లో జూదం వ్యాపారం నడిపిన బెన్నీ బినియన్ 1946లో లాస్ వేగాస్ చేరుకున్నాడు. 1951లో ఎల్డొరాడో క్లబ్‌ను, అపాచీ హోటల్‌ను తీసుకుని 'బినియన్స్ హార్స్‌షూ' అని పేరు పెట్టాడు. హార్స్‌షూ అంటే గుర్రపు నాడా. గుమ్మానికి కొడితే అదృష్టం వస్తుందని మన దగ్గర కూడా కొందరు నమ్మేది అదే.

రెండేళ్లకే మొదటి దెబ్బ పడింది. ఆదాయపు పన్ను ఎగ్గొట్టిన కేసులో 1953లో బెన్నీకి జైలు శిక్ష పడింది. పన్నులు, లాయర్ల ఖర్చుల కోసం పెద్ద వాటాను న్యూ ఓర్లీన్స్‌కు చెందిన జో బ్రౌన్‌కు అమ్మాల్సి వచ్చింది. బోర్డు మీద బినియన్ పేరు పోయి బ్రౌన్ పేరు ఎక్కింది. హార్స్‌షూ అన్న మాట మాత్రం అలాగే ఉంది. మాలిక్ మారాడు, గుర్తింపులో సగం నిలిచింది. తర్వాత యాభై ఏళ్లలో జరగబోయేదానికి ఇది చిన్న రిహార్సల్ లాంటిది.

బెన్నీ 1957లో బయటికొచ్చాడు. ఆ ఏడాదే కుటుంబానికి పెద్ద వాటా తిరిగి దక్కింది. 1964 నాటికి మొత్తం వాళ్లదైంది. అయితే శిక్ష పడిన మనిషి కాబట్టి బెన్నీకి మళ్లీ లైసెన్స్ రాలేదు. కొడుకు జాక్ బినియన్ ప్రెసిడెంట్ అయ్యాడు. కాగితం మీద బెన్నీ సలహాదారు మాత్రమే. హోటల్‌లో పెద్దాయన ఎవరో అందరికీ తెలుసు, ప్రభుత్వ రికార్డులో మాత్రం కొడుకు పేరు. లైసెన్స్ అనేది ఎంత ప్రత్యేకమైన ఆస్తో ఇక్కడే తెలుస్తుంది.

పేరు విలువ ఎలా పెరిగింది?

హార్స్‌షూ పెద్ద అందమైన హోటలేమీ కాదు. కానీ ఇతర క్యాసినోలు పెట్టిన పరిమితులను దాటి పెద్ద పందేలు తీసుకునేది. తిండి చవక. గుర్రపు నాడా ఆకారంలో 10,000 డాలర్ల నోట్లు 100 అద్దాల వెనక పెట్టేవారు. అంటే 10 లక్షల డాలర్లు. దాని ముందు ఉచితంగా ఫొటో తీసి ఇచ్చేవారు. లక్షల మంది ఇళ్లలోకి ఆ ఫొటోతో పాటు హోటల్ పేరు కూడా వెళ్లింది. ఇంతకన్నా చవకైన ప్రకటన ఉంటుందా?

1970లో అక్కడే 'వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్' మొదలైంది. మొదట కొద్దిమంది పేరున్న ఆటగాళ్లు కూర్చుని ఆడుకున్న ఆట. ఏటేటా పెరుగుతూ పోయింది. 1988లో పక్కనే ఉన్న మింట్ హోటల్‌ను, 26 అంతస్తుల దాని టవర్‌ను కుటుంబం కొనేసింది. చిన్న జూదశాల కాస్తా పెద్ద క్యాసినో హోటల్ అయింది.

సరిగ్గా అప్పుడే గాలి మారింది. 1989 నవంబర్‌లో స్ట్రిప్ మీద మిరాజ్ అనే భారీ హోటల్ తెరుచుకుంది. అదే ఏడాది క్రిస్మస్ రోజున బెన్నీ చనిపోయాడు. స్ట్రిప్‌లో ఎక్కువ భాగం లాస్ వేగాస్ నగర పరిధిలోనే ఉండదు, క్లార్క్ కౌంటీ కిందికి వస్తుంది. టూరిస్టులు, పెట్టుబడి అటు వెళ్లిపోతుంటే పాత ఊరి క్యాసినోలు వెలవెలబోయాయి. 1995లో డౌన్‌టౌన్ క్యాసినోలు, నగర పాలక సంస్థ కలిసి ఫ్రీమాంట్ స్ట్రీట్ మీద పెద్ద లైట్ల కప్పు వేయించింది ఈ పోటీని తట్టుకోవడానికే.

అన్నాచెల్లెళ్ల పంపకం

పెద్దాయన పోయాక పిల్లల మధ్య గొడవ మొదలైంది. జాక్ ఇతర రాష్ట్రాల్లో హార్స్‌షూ పేరుతో సొంతంగా క్యాసినోలు పెట్టాడు. లూసియానాలో బోషియర్ సిటీలో ఒకటి, మిసిసిపీలో ట్యూనికాలో ఇంకొకటి. లాస్ వేగాస్ హోటల్ నడుస్తున్న తీరు మీద చెల్లెలు బెకీ బెనెన్ 1996లో కోర్టుకు వెళ్లింది. ఇంకో సోదరుడు టెడ్ బినియన్ లైసెన్స్‌ను అధికారులు 1998లో రద్దు చేశారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో అతను చనిపోయాడు.

1998లో రాజీ కుదిరింది. లాస్ వేగాస్ హోటల్ బెకీకి. నెవాడా బయట హార్స్‌షూ పేరు, అక్కడి క్యాసినోలు జాక్‌కు. తన లైసెన్స్ పోకుండా ఉండేందుకు పాత హోటల్‌లో జాక్ 1 శాతం వాటా మాత్రం ఉంచుకున్నాడు.

మన దగ్గర కూడా ఇలాంటివి చూస్తూనే ఉంటాం. పేరున్న బిర్యానీ హోటల్‌లో అన్నదమ్ములు విడిపోతే ఇద్దరూ అదే పేరు పెట్టుకుంటారు, ఒకరు ముందు 'అసలైన' అని చేర్చుకుంటారు. ఇక్కడ తేడా ఏంటంటే, పేరును రాష్ట్రాల వారీగా రాసి పంచుకున్నారు. అదే పేరు రెండు చోట్ల, ఇద్దరు మాలిక్‌ల కింద. ఇల్లు పంచుకుంటే మధ్యలో గోడ కనిపిస్తుంది, పేరు పంచుకుంటే గోడ కనిపించదు. బయటి కస్టమర్‌కు రెండూ ఒకటే అనిపిస్తుంది.

తర్వాత జరిగింది చూస్తే ఎవరికి దక్కిన వాటా బరువైనదో తెలుస్తుంది. జాక్ కంపెనీని హర్రాస్ అనే పెద్ద క్యాసినో సంస్థ సుమారు 145 కోట్ల డాలర్లకు కొనేందుకు 2003లో ఒప్పందం చేసుకుంది. అందులో మూడు క్యాసినోలు, వాటితో పాటు హార్స్‌షూ పేరు. లాస్ వేగాస్‌లోని తల్లి హోటల్ మాత్రం అప్పుల్లో కూరుకుపోయింది. ఆ పేరున్న నోట్ల నాడాను కూడా బెకీ హయాంలో అమ్మేశారు.

2004 జనవరి 9

2003 వేసవిలో హార్స్‌షూకు దక్కినంత పేరు ఏ క్యాసినోకూ దక్కలేదు. క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ ఆన్‌లైన్‌లో తక్కువ ఫీజు పోటీ గెలిచి వరల్డ్ సిరీస్‌కు వచ్చాడు. 839 మంది ఆడిన పోటీలో మొదటి స్థానంలో నిలిచి 25 లక్షల డాలర్లు గెలుచుకున్నాడు. టీవీలో చూసిన మామూలు జనానికి మనం కూడా ఆడొచ్చు అనిపించింది. పోకర్ ఆన్‌లైన్‌లో ఒక్కసారిగా ఊపందుకుంది.

బయట అంత హడావుడి. లోపల పనివాళ్ల ఫండ్‌కు డబ్బు కట్టడం లేదు.

లాస్ వేగాస్‌లో వంటవాళ్లు, వెయిటర్లు, గదులు శుభ్రం చేసేవాళ్లు చాలామంది కలినరీ యూనియన్‌లో సభ్యులు. ఒప్పందం ప్రకారం వాళ్లు పనిచేసిన గంటల లెక్కన పెన్షన్ ఫండ్‌కు, వైద్యం ఫండ్‌కు యజమాని డబ్బు జమ చేయాలి. మన పీఎఫ్, ఈఎస్ఐ లాంటివే అనుకోవచ్చు. జీతం రాకపోతే పనివాడికి నెలాఖరునే తెలుస్తుంది. ఫండ్‌కు కట్టకపోతే మాత్రం ఆస్పత్రికి వెళ్లిన రోజో, రిటైర్ అయిన రోజో తెలుస్తుంది.

ఫండ్‌ల వాళ్లు కోర్టుకు వెళ్లి ఉత్తర్వు తెచ్చుకున్నారు. 2004 జనవరి 9న ఫెడరల్ మార్షల్స్ హోటల్‌లోకి వచ్చి క్యాసినో నగదును జప్తు చేశారు. నెవాడా రూల్ ప్రకారం గెలిచినవాళ్లకు చెల్లించేందుకు క్యాసినోలో ఎప్పుడూ కనీస నగదు ఉండాలి. ఆ డబ్బే లేకపోతే ఆట నడపడానికి వీల్లేదు. అంతే, అర్ధశతాబ్దం పైగా నడిచిన హార్స్‌షూ తలుపులు మూతపడ్డాయి.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. పనివాళ్లు ఒక్కొక్కరే మాలిక్ ఆఫీసు ముందు నిలబడి అడిగి ఉంటే మార్షల్స్ వచ్చేవాళ్లు కాదు. రాతపూర్వక ఒప్పందం, దాని కింద ఫండ్, ఆ ఫండ్‌కు కోర్టుకు వెళ్లే హక్కు, ఈ మూడూ ఉండబట్టే బకాయి క్యాష్ కౌంటర్ దాకా చేరింది. అదే సమయంలో దాని ధర కూడా పనివాళ్లే చెల్లించారు. బకాయి వసూలు మొదలైన రోజే ఉద్యోగం ఆగిపోయింది.

ఎవరికి ఏ ముక్క?

మూతపడ్డ హోటల్‌ను కొనడానికి ముందుకొచ్చింది హర్రాసే. జాక్ కంపెనీతో నెవాడా బయటి హార్స్‌షూ పేరు వస్తుంది కాబట్టి, ఇప్పుడు నెవాడాలోని పేరు కూడా కావాలి. పేరుతో పాటు వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ కూడా. పాత బాకీల పరిష్కారం ఆ ఒప్పందంలో భాగమైంది. పాత బిల్డింగ్ మీద మాత్రం హర్రాస్‌కు పెద్దగా మోజు లేదు. దాన్ని వెస్ట్ వర్జీనియాకు చెందిన ఎంటీఆర్ గేమింగ్ అనే చిన్న కంపెనీ తీసుకుంది.

2004 ఏప్రిల్ 1న తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ ప్రధాన పోటీకి 2,576 మంది వచ్చారు. ముందు ఏడాది 839 మందే. అంటే పంట చేతికొచ్చే వేళకు పొలం చేతులు మారిపోయింది.

కొంతకాలం కలిసి నడిపాక 2005లో ఎంటీఆర్ పూర్తిగా బాధ్యత తీసుకుంది. హార్స్‌షూ పేరు హర్రాస్‌ది కాబట్టి బోర్డు మీద నుంచి ఆ మాట తీసేయాల్సి వచ్చింది. 'బినియన్స్ గ్యాంబ్లింగ్ హాల్ అండ్ హోటల్' అయింది. ఆ ఏడాది టోర్నమెంట్ హర్రాస్ సొంత హోటల్ రియోకు తరలిపోయింది. ఆఖరి ఆట మాత్రం పాత చోటే పెట్టారు. అదే చివరిసారి.

లెక్క ఇలా తేలింది: బినియన్ అన్న ఇంటిపేరు, బిల్డింగ్ ఎంటీఆర్‌కు. హార్స్‌షూ, పోకర్ టోర్నమెంట్ హర్రాస్‌కు. బినియన్ కుటుంబానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

బోర్డులు తిరుగుతూనే ఉన్నాయి

కథ అక్కడితో ఆగలేదు. హర్రాస్ 2005లో సీజర్స్‌ను కొని, 2010లో తన పేరును సీజర్స్ అని మార్చుకుంది. 2020లో రీనోకు చెందిన ఎల్డొరాడో రిసార్ట్స్ సుమారు 1,730 కోట్ల డాలర్ల డీల్‌లో ఆ సీజర్స్‌ను కొని, తాను కూడా సీజర్స్ పేరే పెట్టుకుంది. కొన్నవాడే తన పేరు వదిలేసి అమ్మినవాడి పేరు తగిలించుకోవడం, అదీ రెండుసార్లు! పేరుకున్న బలం అలాంటిది.

స్ట్రిప్ మీద బాలీస్ అనే హోటల్ ఈ సీజర్స్ చేతిలో ఉండేది. అది 1973లో ఎంజీఎం గ్రాండ్‌గా మొదలైంది. 1980 నవంబర్‌లో అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో 85 మంది చనిపోయారు. తర్వాత బాలీ అనే గేమ్ మెషిన్ల కంపెనీ కొని బాలీస్ అని పేరు మార్చింది. ఎంజీఎం గ్రాండ్ అనే పేరు 1993లో అదే స్ట్రిప్ మీద ఇంకో కొత్త హోటల్‌కు ఎక్కింది.

2020లో సీజర్స్ బాలీస్ అనే పేరును, బిల్డింగ్ లేకుండా పేరును మాత్రమే, ట్విన్ రివర్ అనే కంపెనీకి 2 కోట్ల డాలర్లకు అమ్మేసింది. ఆ కంపెనీ వెంటనే 'బాలీస్ కార్పొరేషన్' అయిపోయింది. ఇక స్ట్రిప్ మీది బాలీస్ హోటల్‌కు కొత్త పేరు కావాలి. సీజర్స్ గోదాంలో వాడకుండా ఉన్న నెవాడా పేరు ఒకటుంది కదా. 2022 డిసెంబర్‌లో బాలీస్ కాస్తా 'హార్స్‌షూ లాస్ వేగాస్' అయింది. ఆ ఏడాది నుంచి వరల్డ్ సిరీస్ కూడా అక్కడికే, పక్కనున్న ప్యారిస్ హోటల్‌కే మారింది. పేరు, ఆట మళ్లీ ఒకే కప్పు కిందికి చేరాయి. కప్పు మాత్రం వేరే.

ఆ కలయిక కూడా ఎక్కువ కాలం నిలవలేదు. 2024లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ బ్రాండ్‌ను సీజర్స్ 50 కోట్ల డాలర్లకు అమ్మింది. కొన్నది ఆన్‌లైన్ పోకర్ సైట్ జీజీపోకర్ వెనకున్న ఎన్‌ఎస్‌యూఎస్ గ్రూప్. లాస్ వేగాస్‌లో టోర్నమెంట్‌కు చోటిచ్చే హక్కును 20 ఏళ్లపాటు సీజర్స్ తన దగ్గరే ఉంచుకుంది. అంటే ఆట ఒకరిది, హాల్ ఒకరిది.

పాత బిల్డింగ్ ఏమైంది?

ఎంటీఆర్‌కు లాభం రాలేదు. ఎదురుగా ఉన్న ఫోర్ క్వీన్స్ క్యాసినో యజమాని టెర్రీ కాడిల్ కంపెనీ 2008లో బినియన్స్‌ను సుమారు 3.2 కోట్ల డాలర్లకు కొంది. ఈ అంకెను టోర్నమెంట్ బ్రాండ్ ధర పక్కన పెట్టి చూడండి. ఆ ఆట పుట్టిన బిల్డింగ్, టవర్, క్యాసినో అన్నీ కలిపి 3.2 కోట్లు. ఆట పేరు 50 కోట్లు. మధ్యలో 16 ఏళ్ల తేడా ఉంది నిజమే, అయినా ఇది 15 రెట్లకు పైమాటే. ఇటుకల కన్నా అక్షరాలు ఖరీదయ్యాయి.

కొన్న ఏడాదే ఆర్థిక మాంద్యం ముంచుకొచ్చింది. 2009 డిసెంబర్‌లో హోటల్ గదులు, మూడున్నర వందలకు పైగా, మూసేశారు. వంద మంది దాకా ఉద్యోగాలు పోయాయి. కింద క్యాసినో మాత్రం నడిచింది. కొత్త మాలిక్ 10 లక్షల డాలర్లతో ఫొటో దిగే ఏర్పాటు మళ్లీ పెట్టాడు. హార్స్‌షూ పేరు వాడుకోవడానికి లేదు, జ్ఞాపకాన్ని వాడుకోవడానికి అడ్డం లేదు.

2019లో 81 గదులను బాగుచేసి తెరిచారు. పెట్టిన పేరు 'హోటల్ అపాచీ'. 1932 నాటి పేరన్నమాట. హార్స్‌షూ చేజారిపోయాక అంతకన్నా పాత పేరును తవ్వి తీయాల్సి వచ్చింది.

పనివాళ్లకు, కొనేవాళ్లకు పాఠం

బోర్డు మారింది, మారలేదు అన్నదాన్ని బట్టి యాజమాన్యం గురించి ఏదీ చెప్పలేమని ఈ కథ చూపిస్తుంది. 1964లో బోర్డు మీద పేరున్న పెద్దాయనకు లైసెన్స్ లేదు. 2005లో బోర్డు మీద పేరున్న కుటుంబానికి వాటా లేదు. 2022లో పాత పేరు కొత్త బిల్డింగ్ ఎక్కింది.

హోటల్‌లోనో, ఆస్పత్రిలోనో, స్కూల్‌లోనో పనిచేస్తున్నప్పుడు 'మేనేజ్‌మెంట్ మారుతోంది' అన్న మాట వినబడితే అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. అమ్ముడైంది కంపెనీయా, బిల్డింగా, పేరా? పాత అప్పులు ఎవరి నెత్తిన పడుతున్నాయి? రేపటి నుంచి జీతం స్లిప్ మీద ఏ కంపెనీ పేరుంటుంది? ఇంతవరకు కట్టాల్సిన పీఎఫ్ మొత్తం ఖాతాలో జమైందా? చివరి ప్రశ్నకు జవాబు అమ్మకం దాకా ఆగకుండా ప్రతి నెలా చూసుకోవచ్చు. హార్స్‌షూ సిబ్బంది విషయంలో ఆ జవాబు మార్షల్స్ వచ్చిన రోజున ఊరందరికీ తెలిసింది.

పేరుకు ధర కట్టేవాళ్లు ఎప్పుడూ దొరుకుతారు. హార్స్‌షూ పేరు, బాలీస్ పేరు, ఆట పేరు, ఒక్కోదానికి ఒక్కో గిరాకీ వచ్చాడు. ఆ పేరును నిలబెట్టిన వంటవాళ్లు, డీలర్లు, గదులు ఊడ్చినవాళ్ల కష్టం మాత్రం ఏ అమ్మకపు కాగితంలోనూ విడిగా కనిపించదు. అది రాసి ఉండేది యూనియన్ ఒప్పందంలో, ఫండ్ ఖాతాలో మాత్రమే. అందుకే ఆ రెండు కాగితాలు బోర్డు కన్నా ముఖ్యం.